ఏడుగురం, ఒక బుల్లి క్యాంపర్, కొంచెం స్టాటిక్స్

"ఒరేయ్, నువ్వు మెకానికలే కదా, ఇది బాగుందో లేదో చూసి చెప్పు" అంటూ అక్క వాట్సాప్‌లో ఒక బ్రోషర్ పంపింది. మర్నాడు నాకు ఇంటర్నల్ ఎగ్జామ్. అయినా ఆగలేక తెరిచాను. సరస్సు ఒడ్డున తెల్లటి ట్రైలర్, దాని రెండు చివర్లలో గుడ్డ పైకప్పుతో బయటికి పొడుచుకొచ్చిన పరుపులు, పైన పెద్ద అక్షరాలతో "ఎనిమిది మంది పడుకోవచ్చు" అని.

అక్కావాళ్లు ఉండేది అమెరికాలో, డాలస్ పక్కన. ముగ్గురు పిల్లలు: పదకొండేళ్ల పెద్దోడు, ఎనిమిదేళ్ల నడిపిది, నాలుగేళ్ల చిన్నది. ఏప్రిల్‌లో అమ్మా నాన్నా ఆరు నెలలు ఉండొద్దామని వెళ్లారు. మొత్తం ఏడుగురు. నాన్నకి అక్కడ చూడాలని ఉన్నది ఒక్కటే, ఎల్లోస్టోన్. అక్క స్కూల్లో ఉన్నప్పుడు భూగోళం పుస్తకంలో వేడినీటి ఊట బొమ్మ చూపిస్తే, "బోరు లేకుండానే నీళ్లు అంత ఎత్తు లేస్తాయా?" అని అడిగాడట. మా పొలంలో మూడుసార్లు బోరు వేసినా చుక్క పడలేదు. ఆ కోణంలోంచి చూస్తే ఆయన ఆశ్చర్యం అర్థమవుతుంది.

డాలస్ నుంచి ఎల్లోస్టోన్ రెండు వేల కిలోమీటర్ల పైమాటే. దారి పొడుగునా హోటల్ అంటే రాత్రికి రెండు గదులు కావాలి. అమ్మ బయటి తిండి రెండో పూట ముట్టదు. నాన్నకి షుగర్, మోకాళ్ల నొప్పి, రాత్రి రెండుసార్లు లేవాలి. అందుకే బావగారికి క్యాంపర్ ఆలోచన వచ్చింది. వంట అందులోనే, పడక అందులోనే. వాళ్ల ఇంటి ముందు పెద్దది పెట్టుకునే జాగా లేదు కాబట్టి చిన్నది కావాలి. చిన్నదే కానీ ఏడుగురికి సరిపోవాలి. ఈ రెండూ ఒకదానికొకటి పడవు, కథంతా అక్కడే ఉంది.

నేను బ్రోషర్‌లో పరుపులు లెక్కపెట్టాను. ఇటు చివర ఇద్దరు, అటు చివర ఇద్దరు, భోజనాల బల్ల కిందికి దించితే ఇద్దరు, సోఫా వాలిస్తే ఇద్దరు. ఎనిమిది. లోపల బుల్లి టాయిలెట్ కూడా ఉంది. "సూపర్ అక్కా, తీసేసుకోండి" అని రాసి పడుకున్నాను. బావగారు మర్నాడే షోరూమ్‌కి వెళ్లి అడ్వాన్స్ కట్టేశారు. మూడో సంవత్సరం మెకానికల్ విద్యార్థి ఇచ్చిన మొదటి ఇంజినీరింగ్ సలహా అది. అది తప్పని తెలియడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

క్యాంపర్ అనగానే మనకి సినిమాల్లో కనపడే ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్ గుర్తొస్తుంది. 1950లో వచ్చిన ఆ టైప్ 2 వ్యాన్‌ని వెస్ట్‌ఫాలియా అనే జర్మన్ కంపెనీ 1951 నుంచి పడకలు, అలమరలు పెట్టి ఇల్లుగా మార్చడం మొదలెట్టింది. ముచ్చటగా ఉంటుంది కానీ నలుగురి సరుకు. అమెరికాలో పెద్ద కుటుంబాలు ఎక్కువగా కారు వెనక తగిలించుకునే ట్రైలర్లు వాడతాయి. వాటిలో మనకి పనికొచ్చేవి మూడు రకాలు. పాప్-అప్ అంటే నడుము పైదాకా పెట్టెలా ఉండి, దిగాక కప్పు పైకి లేపి రెండు వైపులా పరుపులు బయటికి లాగేది, గోడలు గుడ్డవి. హైబ్రిడ్ అంటే గోడలు గట్టివి, చివరి పరుపులకి మాత్రం గుడ్డ. బంక్‌హౌస్ అంటే మొత్తం గట్టిదే, లోపల రైలు బెర్తుల్లా ఒకదాని మీద ఒకటి పడకలు. అక్క పంపింది హైబ్రిడ్.

షోరూమ్ అతను "మీ కారు 5,000 పౌండ్లు లాగుతుంది, ఈ ట్రైలర్ 3,600 పౌండ్లే, హాయిగా వెళ్లండి" అన్నాడట. పౌండ్లలో అయితే మనకి బుర్రకెక్కదు, కిలోల్లోకి మారుద్దాం. కారు లాగగలిగేది 2,268 కిలోలు. ట్రైలర్ ఖాళీ బరువు 1,630. చూడ్డానికి ఆరువందల కిలోల పైన మిగులు. నేనూ అలాగే అనుకున్నాను. అయితే ఆ నాలుగు రోజుల్లో ఒక సాయంత్రం, మెస్‌లో మా సీనియర్ ఒకాయన ఈ సంగతి విని, "కారు లాగడం సరే, మోయడం సంగతేంటి?" అన్నాడు. నాకు చేతిలో పూరీ అలాగే ఉండిపోయింది.

లాగడం వేరు, మోయడం వేరు. ఒక ఇరుసున్న ట్రైలర్ తన బరువంతా తన చక్రాల మీదే వేసుకోదు. కొంత ముందుకి, కారు వెనక ఉండే కొక్కెం మీద పడుతుంది. దాన్ని టంగ్ వెయిట్ అంటారు. ట్రైలర్ మొత్తం బరువులో అది 10 నుంచి 15 శాతం ఉండాలి. ఆ బరువుని కారే మోయాలి, మనుషులతో పాటు, సామాన్లతో పాటు. కారు ఎంత మోయగలదో డ్రైవర్ తలుపు తీస్తే లోపలి స్తంభం మీద ఒక స్టిక్కర్‌లో ఉంటుంది. మనుషులూ సామాన్లూ కలిపి ఇంతకి మించకూడదు అని కిలోల్లో, పౌండ్లలో రెండిట్లోనూ రాసి ఉంటుంది. ఒకే మోడల్ కారుకి కూడా సీట్లని బట్టి, చక్రాలని బట్టి ఆ అంకె మారొచ్చు, కాబట్టి ఇంటర్నెట్‌లో చూసింది చెల్లదు. ఎవరి కారు తలుపు వాళ్లు తీసి చూసుకోవాలి.

బావగారికి అర్ధరాత్రి (ఆయనకి మధ్యాహ్నం) మెసేజ్ పెట్టాను. ఫొటో వచ్చింది. 600 కిలోలు.

ఇక లెక్క. అక్క ఇంట్లో అందరినీ కాటా ఎక్కించింది. బావగారు 82, అక్క 64, అమ్మ 66, నాన్న 74, పెద్దోడు 38, నడిపిది 27, చిన్నది 17. మొత్తం 368 కిలోలు. కారులో పెట్టుకునే ఐస్ డబ్బా, పిల్లల సీట్లు, బ్యాగులు, ట్రైలర్ తగిలించే ఇనప సామాను కలిపి 60 వేసుకున్నాను. 428 అయింది. 600లో ఇంకా మిగిలింది 172 కిలోలు. కొక్కెం మీద ఆపైన ఒక్క కిలో కూడా పడకూడదు. టంగ్ వెయిట్ 13 శాతం అనుకుంటే, 172ని 0.13తో భాగించండి. సుమారు 1,320 కిలోలు. సామాన్లన్నీ నింపాక ట్రైలర్ బరువు అంతే ఉండాలి. అంటే 2,268 కిలోలు లాగగలదని చెప్పిన కారు, ఏడుగురు ఎక్కాక 1,320కే పరిమితం. ఇంజిన్ బలం తగ్గలేదు, మోసే ఓపిక అయిపోయిందంతే. కొన్ని కంపెనీల మాన్యువళ్లలో అయితే మనుషులు పెరిగేకొద్దీ లాగే బరువు ఎంత తగ్గించుకోవాలో పట్టికే వేసి ఇస్తారు. అది ఎవరూ చదవరు.

హైబ్రిడ్ సంగతి చూద్దాం. ఖాళీ బరువు 1,630 అన్నారు కదా, ఆ ఖాళీ నిజంగానే ఖాళీ. అందులో నీళ్లు ఉండవు, గ్యాస్ ఉండదు, బ్యాటరీ కూడా చాలాసార్లు లెక్కలో ఉండదు. తిండి, గిన్నెలు, దుప్పట్లు, నీళ్లు అన్నీ కలిపి 300 వేసుకుంటే 1,930. అందులో 13 శాతం 251 కిలోలు. మనకి ఉన్నది 172. ఎక్కువైంది 79 కిలోలు. పైగా ఆ కారు కొక్కెం పరిమితే 226. బరువుని సర్దే ప్రత్యేకమైన కొక్కేలు ఉన్నాయి, అవి కొంత భారాన్ని ముందు చక్రాల మీదికి, కొంత ట్రైలర్ ఇరుసు మీదికి పంపుతాయి. కానీ అవి కారు పరిమితిని పెంచవు, కొన్ని కార్లకి వాటిని వాడొద్దనే అంటారు.

వీడియో కాల్‌లో ఇదంతా చెప్పాను. అందరూ హాల్లోనే ఉన్నారు. అక్క ముఖం మాడిపోయింది. ఆ హైబ్రిడ్ తనకి నచ్చిందే టాయిలెట్ కోసం, నాన్న కోసం. బావగారు "79 కిలోలేగా బావమరిదీ, సామాన్లు తగ్గించుకుందాం" అన్నారు. "బావగారూ, సామాన్లు తగ్గిస్తే తగ్గేది టంగ్ వెయిట్‌లో 13 శాతమే. వంద కిలోలు తీస్తే 13 కిలోలు తగ్గుతుంది" అన్నాను. అప్పుడు వెనక సోఫాలోంచి నాన్న గొంతు వినిపించింది. "నేను 74 కదా. నేను ఇంట్లో ఉంటాలే, మీరు వెళ్లి రండి."

నవ్వుతూనే అన్నాడు. కానీ ఎవరూ నవ్వలేదు. బావగారు ఆ రాత్రే షోరూమ్‌కి మెయిల్ పెట్టి అడ్వాన్స్ వెనక్కి అడిగారు. (వచ్చింది, వారం తర్వాత.)

ఆ కాల్‌లోనే ఇంకోటి జరిగింది. టంగ్ వెయిట్ 10 శాతం కన్నా తగ్గితే ఏమవుతుందని బావగారు అడిగారు. నేను సెంటర్ ఆఫ్ గ్రావిటీ, మూమెంట్ అంటూ మొదలెట్టాను. నాన్న మధ్యలో అందుకుని, "బండి తోక బరువెక్కితే కాడి పైకి లేస్తది, ఎద్దుల మెడకి పలుపు బిగుసుకుంటది. ముందు బరువైతే మెడ కాయ కాస్తది. అంతేగా?" అన్నాడు. అంతే. మిర్చి బస్తాలు బండికెత్తేటప్పుడు ఇరుసుకి అటెన్ని ఇటెన్ని వేయాలో ఆయన పదేళ్ల వయసు నుంచి చూస్తున్నాడు. మనం ఫస్టియర్‌లో ఫ్రీ బాడీ డయాగ్రామ్ గీసి, సిగ్మా ఎమ్ సున్నా అని రాసి, మార్కులు తెచ్చుకున్నది అదే. ఒక్క తేడా ఏమిటంటే, ఎద్దులు నెమ్మదిగా నడుస్తాయి. గంటకి వంద కిలోమీటర్ల వేగంలో తోక బరువున్న ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలెడితే, ఆ ఊగుడు పెరుగుతూ పోయి కారునే తిప్పేస్తుంది.

ఈ లెక్క ఎంత తొందరగా చెడుతుందో చూపిస్తాను. తర్వాత మేం చూసిన పాప్-అప్‌కి కొక్కెం నుంచి ఇరుసుకి 3.2 మీటర్లు. పిల్లల సైకిళ్లు మూడు, వాటి స్టాండూ కలిపి 40 కిలోలు. అవి ట్రైలర్ వెనక, ఇరుసుకి 1.9 మీటర్ల అవతల కడదామన్నారు. ఇరుసు చుట్టూ మూమెంట్ తీస్తే 40 ఇంటూ 1.9 బై 3.2, అంటే దాదాపు 24 కిలోలు. కొక్కెం మీద నుంచి అంత బరువు లేచిపోతుంది. 13 శాతం ఉన్నది పదిన్నరకి దిగిపోతుంది. మూడు బుల్లి సైకిళ్లు చేసే పని అది.

ఇక పాప్-అప్. వాడిన బండి ఒకటి దొరికింది. ఖాళీ బరువు 860 కిలోలు. గ్యాస్ సిలిండర్ నిండుగా 17, బ్యాటరీ 25, నీళ్ల ట్యాంకు నిండితే 75, మిగతా సామాను 140. మొత్తం 1,117. అందులో 13 శాతం 145 కిలోలు. 172కి లోపలే, ఇంకా 27 మిగులు. ట్రైలర్‌కి కూడా ఇంత సామాను మించొద్దని స్టిక్కర్ ఉంటుంది, అదీ చూశాం, 330 అని ఉంది. పెట్టేది 257. పర్లేదు. వాడిన బండి కొనేటప్పుడు స్టిక్కర్లే కాదు, గుడ్డ కుట్ల దగ్గర చిరుగులు, కప్పు మూలల్లో చెమ్మ, టైర్ల మీద తయారీ తేదీ కూడా చూడాలి. టైరు అరక్కపోయినా ఏళ్లు గడిస్తే రబ్బరు పాడవుతుంది. ఈ బండికి టైర్లు మార్చాల్సి వచ్చింది.

మూసి ఉన్నప్పుడు దాని ఎత్తు మీటరున్నర. కారు వెనక దాక్కుంటుంది. హైబ్రిడ్ అయితే కారు మీద నుంచి ఒక గోడలా లేచి గాలికి ఎదురు నిలబడుతుంది. గాలి నిరోధం ఆ ఎదురు వైశాల్యంతో పాటు, వేగం వర్గంతో పాటు పెరుగుతుందని మనకి తెలుసు. దాన్ని దాటడానికి కావాల్సిన పవర్ అయితే వేగం ఘనంతో పెరుగుతుంది. రెండు వేల కిలోమీటర్ల దారిలో అది నేరుగా పెట్రోలు బిల్లు. పైగా ఈ ఎత్తుకి వాళ్ల గ్యారేజీలో దూరిపోతుంది. వాళ్ల కాలనీ అసోసియేషన్ ఇంటి ముందు ట్రైలర్ కనపడనివ్వదు, కాబట్టి అదొక పెద్ద ఊరట.

బరువు కుదిరింది. పడక కుదురుతుందా? ఈసారి నేను బ్రోషర్ నమ్మలేదు. కొలతలు తెప్పించుకుని, హాస్టల్ మూడో అంతస్తు వరండాలో సుద్దముక్కతో అసలు కొలతలకే ప్లాన్ గీశాను. పెట్టె 3 మీటర్లు బై 2.1. ఇటు చివర పరుపు 178 సెంటీమీటర్ల వెడల్పు, అటు చివరది 152. రెండూ ట్రైలర్‌కి అడ్డంగా ఉంటాయి, పొడవు 203. బల్ల దించితే వచ్చే పరుపు 107 బై 190. మిగిలిన జాగాలో పొయ్యి, సింకు, సోఫా, నడవడానికి ఒక సందు. ఏడుగురు స్నేహితుల్ని పట్టుకొచ్చి ఒక్కొక్కళ్లకి ఒక్కో పాత్ర ఇచ్చాను. సివిల్ వాడు ఒకడు మా అమ్మ. మా రూమ్మేట్ నాన్న. పిల్లల పాత్రలకి ఫస్టియర్ వాళ్లని పిలిచాం. ఇది ర్యాగింగ్ కాదని వార్డెన్‌కి చెప్పుకోవాల్సి వచ్చింది.

రాత్రి పదకొండింటికి లైట్లార్పి అందరూ గీతల లోపల పడుకున్నారు. అందరూ పట్టారు. అక్కడిదాకా బ్రోషర్ నిజమే చెప్పింది. తర్వాత "నాన్నా, లేచి టాయిలెట్‌కి వెళ్లు, ఎవరినీ తొక్కొద్దు" అన్నాను. రూమ్మేట్ కదిలాడు, ఆగాడు. అతను పడుకుంది చివరి పరుపులో బయటి వైపు. పరుపు అడ్డంగా ఉంది కాబట్టి దిగాలంటే పక్కనున్న అమ్మ మీద నుంచి పాకాలి. లోపలి వైపు నాన్నని మార్చాం. ఇప్పుడు అమ్మ లేవాలంటే నాన్న మోకాళ్ల మీద నుంచి పాకాలి. పైగా ఇదంతా నేల మీద ఆడుతున్న ఆట. అసలు బండిలో ఆ పరుపు నడుమెత్తున, దాదాపు 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి చీకట్లో స్టూలు మీద కాలు పెట్టి దిగాలి. బల్ల పరుపు సంగతి మరీ ఘోరం. ఇద్దరు అని రాశాడు కానీ 107 సెంటీమీటర్లలో ఇద్దరు ఫస్టియర్ వాళ్లు పది నిమిషాలకే కొట్టుకున్నారు. మనం పెళ్లిళ్లలో హాలంతా చాపలేసుకుని ముప్పై మందిమి పడుకుంటాం కదా, ఇదెంత అనిపిస్తుంది. అక్కడ ఎటు దొర్లినా నేలే. ఇక్కడ మిగిలిన సందు అరవై సెంటీమీటర్లు, అందులో ఎవరైనా పడుకుంటే ఇక తలుపు తీయలేం.

"పడుకోవచ్చు" అనే మాటలో "లేవొచ్చు" కూడా ఉండాలని ఎవరూ రాయరు. మూడు చోట్ల గుర్తులు పెట్టుకున్నాను: ఎవరు ఎవరిని దాటాలి, ఎంత ఎత్తు నుంచి దిగాలి, తలుపు దాకా దారి ఉందా. ఏ ప్లాన్ చూసినా ఇప్పుడు నా కళ్లు ముందు అక్కడికే పోతాయి.

ఈలోగా బావగారు ఎల్లోస్టోన్‌లో జాగా వెతుకుతున్నారు. అక్కడ కరెంటు, నీళ్లు, డ్రైనేజీ కనెక్షన్లు మూడూ ఉన్న క్యాంప్‌గ్రౌండ్ ఒకటే, ఫిషింగ్ బ్రిడ్జ్. అందులో గట్టి గోడల బండ్లకి మాత్రమే అనుమతి. గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి గుడ్డ గోడలు కుదరవు. పాప్-అప్ కుదరదు. తమాషా ఏంటంటే చివర్లలో గుడ్డ ఉన్న ఆ హైబ్రిడ్ కూడా కుదిరేది కాదు. అక్కకి ఇది చెప్పాక హైబ్రిడ్ మీద చివరి బెంగ కూడా పోయింది. గుడ్డ బండ్లని రానిచ్చే క్యాంప్‌గ్రౌండ్లు అక్కడ వేరేవి ఉన్నాయి. మాడిసన్ వాటిలో ఒకటి, నాన్న చూడాలనుకున్న ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ఊటకి పాతిక కిలోమీటర్ల దూరం. కరెంటు కనెక్షన్ ఉండదు. కానీ రెండు వేల మీటర్ల పైన ఎత్తు, వేసవిలోనూ రాత్రిళ్లు చలి, ఏసీతో పనిలేదు. అసలు టెక్సస్ ఎండలో గుడ్డ గోడలకి ఏసీ వేస్తే జల్లెడలో నీళ్లు పోసినట్టే. ఒక్కో సైటుకి ఇంతమందే అనే లెక్క కూడా ఉంటుంది, అందుకే బావగారు పక్కపక్కన రెండు సైట్లు చూశారు.

రెండో సైటు దొరికేసరికి దారి కూడా దొరికింది. ఏడుగురూ ఒకే కప్పు కింద పడుకోవాలని ఎవరన్నారు? ఐదుగురికి క్యాంపర్, ఇద్దరికి ఎనిమిది కిలోల గుడారం. మనకి 27 కిలోల మిగులు ఉంది కదా, అది కొక్కెం మీద మిగులు. ట్రైలర్‌లో పెట్టే సామానులో దాదాపు ఎనిమిదో వంతే అక్కడ పడుతుంది, కాబట్టి గుడారం, రెండు మడత మంచాలు కలిపి ఇరవై కిలోలు పెట్టినా టంగ్ వెయిట్ పెరిగేది రెండున్నర కిలోలు. బావగారూ పెద్దోడూ గుడారంలో. 178 పరుపు మీద అక్క, చిన్నది. 152 మీద అమ్మ, నడిపిది. బల్ల పరుపు 107 మొత్తం నాన్నకి. అది 40 సెంటీమీటర్ల ఎత్తే, కుర్చీలోంచి లేచినట్టు లేవొచ్చు, తలుపు పక్కనే. టాయిలెట్‌కి మూతపెట్టే చిన్న పోర్టబుల్ సీటు ఒకటి కొని కర్టెన్ అడ్డం కట్టారు. అది వాడటానికి నాన్న ఒప్పుకోలేదు, సైటు మాత్రం బాత్‌రూమ్ దగ్గరలో తీసుకోమన్నాడు.

మే నెలలో టైలర్ స్టేట్ పార్క్‌కి ఒక్క రాత్రికి ప్రయోగంగా వెళ్లారు. దారిలో ట్రక్ స్టాప్ దగ్గర లారీలు తూచే కాటా ఎక్కించారు. నేను పట్టుబట్టాను, మిర్చి యార్డులో కాటా చూడకుండా సరుకు ఇస్తామా అని. ట్రైలర్ 1,164 వచ్చింది. నా లెక్క 1,117కి గుడారం, మంచాలు కలిపితే 1,137. మిగతా 27 కిలోలు ఎక్కడివి అని వెతికితే అమ్మ సోఫా కింద పెట్టిన సోనామసూరి బస్తా, ఆవకాయ జాడీ, రుబ్బురోలు బదులు తెచ్చుకున్న గ్రైండర్ దొరికాయి. వాటి బరువు మించలేదు కానీ అవి ఇరుసుకి వెనక ఉన్నాయి. ఇరుసు మీదికి జరిపించాను. అమ్మ "వాడు అక్కడ కూర్చుని నా బియ్యం కూడా జరుపుతున్నాడు" అందట.

బండి విప్పడానికి మొదటిసారి యాభై నిమిషాలు పట్టింది. హ్యాండిల్ తిప్పి కప్పు లేపడం, పరుపులు లాగడం, కింద కాళ్లు దించడం. పిల్లలు ఆకలంటున్నారు. రెండోసారి ఇరవై ఐదుకి వచ్చిందట. ఎల్లోస్టోన్ దారిలో రోజూ విప్పి మూయాలంటే విసుగే, అందుకని దారిలో ఒక్క రాత్రి మాత్రం హోటల్ అనుకున్నారు.

తెల్లవారుజామున వాన పడింది. లోపల ఒక్క చుక్క రాలేదు, కానీ తడిసిన గుడ్డనే మడిచి తేవాల్సి వచ్చింది. తడి గుడ్డ రెండు రోజులు మూసి ఉంచితే బూజు పడుతుంది. ఇంటికొచ్చి ఇంటి ముందు విప్పి ఆరబెట్టారు. మర్నాటికల్లా కాలనీ అసోసియేషన్ నుంచి ఉత్తరం, ఫొటోతో సహా. ఈ బండి కొనేవాళ్లు ఆరబెట్టుకునే జాగా ముందు చూసుకోవాలి, ఇది ఏ స్టిక్కర్ మీదా ఉండదు.

అన్నిటికన్నా మేం ఊహించనిది ఆ రాత్రి జరిగింది. నాన్న కోసం ఎత్తులు కొలిచి, దారి కొలిచి, బల్ల పరుపు ఖాయం చేశాం కదా. భోజనాలయ్యాక ఆయన బావగారి గుడారంలోకి వెళ్లి మడత మంచం మీద కూర్చుని చూశాడట. లేచి చూశాడట. "ఇది బాగుంది. కల్లంలో కాపలా పడుకున్నట్టుంది" అని అక్కడే పడుకున్నాడు, పక్కన పెద్దోడు. మిర్చి కల్లాల మీద కాపలా ఉన్న రోజుల కథలు పన్నెండింటిదాకా చెప్పాడట. మంచం ఎత్తు 45 సెంటీమీటర్లు, బాత్‌రూమ్ ముప్పై అడుగుల దూరం, దాటడానికి మధ్యలో ఎవరూ లేరు. నా పట్టికలో అన్నిటికన్నా మంచి పడక అదే, నేనే రాయలేదు. బల్ల పరుపు బావగారికి వచ్చింది. ఆరడుగుల మనిషి, ఆ 190లో మడత పడి పొద్దున్నే నడుము పట్టుకుని ఫోన్ చేశారు.

ఆగస్టులో బయలుదేరుతున్నారు. మాడిసన్‌లో రెండు సైట్లు ఖాయమయ్యాయి. గుడారంలో నాన్న, పెద్దోడు, ఎక్స్‌ట్రా దుప్పట్లు రెండు. తినే వస్తువేదీ, ఆఖరికి టూత్‌పేస్ట్ కూడా గుడారంలో ఉంచకూడదని, ఎలుగుబంట్లకి వాసన తగులుతుందని ఆయనకి రోజూ చెబుతున్నాం. జేబులో బెల్లం ముక్క పెట్టుకునే అలవాటు, షుగర్ పడిపోతే అని. దానికి మూత బిగుసుకునే డబ్బా ఒకటి తెచ్చి కారులో పెట్టమని అక్కకి చెప్పాను. సైకిళ్లు ఇంట్లోనే.